కొండ మాట వినకుండా డాక్టరేట్: అరకు దారిలో పరిశోధకులకు చిట్కాలు

నాయనా, పీహెచ్‌డీలో చేరావు. సంతోషం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నీకు తక్కువలో తక్కువ మూడేళ్ళు, మహా అయితే ఆరేళ్ళు గడువు. అంశం కూడా ఖాయమైపోయింది: "అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజనుల... ఒక అధ్యయనం". ఆ చుక్కల్లో కాఫీ పెట్టుకుంటావో, మలేరియా పెట్టుకుంటావో నీ ఇష్టం. జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్‌లో. అంతకుముందు వచ్చిన థీసిస్ ఒకటి పట్టుకుని, విశాఖపట్నం అని ఉన్నచోటల్లా కొత్త జిల్లా పేరు వేస్తే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగానికి ఈ చిట్కాలు. పరిశోధన ఎలా చేయాలో చెప్పే పుస్తకాలు లైబ్రరీ బీరువాల నిండా ఉన్నాయి. వాటిలో ఉన్నట్టే చేసిన వాళ్ళు ఎన్నేళ్ళు పోగొట్టుకున్నారో అక్కడక్కడా చెబుతూ ఉంటాను. భయపడి బాగుపడు.

1. ముగింపుతో మొదలుపెట్టు

ముందు ప్రశ్న, తర్వాత వెతుకులాట, చివర జవాబు అంటారు. ఈ వరసలో పోతే జవాబు ఏమొస్తుందో నీకు తెలియదు. తెలియని దాని మీద ఆరేళ్ళ జీవితం ఎవడు పెడతాడు? కాబట్టి చివరి అధ్యాయం ఇవాళే రాసేయ్. "గిరిజనులలో అవగాహన కొరవడినది. అవగాహనా కార్యక్రమములు చేపట్టవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది."

ఈ ముగింపు దేనికైనా అతుకుతుంది. కాఫీ రైతుకి ధర ఎందుకు రాలేదు? అవగాహనా లోపం. వానాకాలంలో గర్భిణి ఆసుపత్రికి ఎందుకు చేరలేదు? అవగాహనా లోపం. అక్కడ రోడ్డు లేదు కదా అని నువ్వు గొణగవచ్చు. రోడ్డుకి అవగాహన లేదని రాయలేం కాబట్టి మనుషులకే లేదని రాయాలి.

2. భాష జోలికి పోకు

అరకు చుట్టుపక్కల ఏ సంతలో నిలబడినా కువి, కూబి, గదబ, ఆదివాసీ ఒరియా, తెలుగు కలగలిసి చెవిన పడతాయి. చెవిన పడినవి పడినట్టే వదిలేయ్. లోపలికి రానిచ్చావంటే చిక్కులు మొదలవుతాయి. గదబలనే తీసుకో. ప్రభుత్వ జాబితాలో ఒకటే పేరు. తీరా వింటే, ఆ పేరున్న వాళ్ళలో కొందరిది గుతోబ్. అది ముండా కుటుంబం, సంతాలీకి చుట్టం. ఇంకొందరు మాట్లాడే గదబ ద్రావిడ భాష, అంటే తెలుగుకి చుట్టం. ఇద్దరినీ ఒకే గడిలో వేసి సగటు తీయవచ్చా అని ఒక్కసారి అనుమానం వచ్చిందా, నీ పట్టిక అక్కడితో ఆగిపోతుంది. జాబితా ఒక్క పేరిచ్చింది, నువ్వూ ఒక్క గడే ఇవ్వు.

భాష జోలికి పోయి ఏమయ్యారో చూడు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, పక్క కొండల్లోని సవరలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలనుకున్నాడు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. వ్యాకరణం 1931లో అచ్చయింది, నిఘంటువు 1938లో వచ్చింది. ఈలోగా దశాబ్దాలు గడిచిపోయాయి. సవర కొండల్లో తిరిగి తిరిగి వినికిడి పోగొట్టుకున్నాడు. సొంత డబ్బుతో బడులు పెట్టి జీతాలిచ్చాడు. ఇంతా చేస్తే ఆయనకి పీహెచ్‌డీ లేదు! 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది, అప్పటికాయనకు డెబ్బై అయిదేళ్ళు. నీకు ఫెలోషిప్ ఆ వయసు దాకా రాదు.

భద్రిరాజు కృష్ణమూర్తిది మరో కథ. అమెరికాలో పెన్సిల్వేనియా నుంచి 1957లోనే డాక్టరేట్ పుచ్చుకున్న మనిషి. ఇక హాయిగా కూర్చోక, అరకు వైపు కొండదొరలు మాట్లాడే కూబి వెంట పడ్డాడు. 1969లో దాని మీద పెద్ద పుస్తకం వేశాడు. మనకి పాత పుస్తకాల్లో మాత్రమే మిగిలిన బండి ఱ ఆ కొండల్లో ఇంకా నోళ్ళలో వేరుగా పలుకుతోందని అలా తేలింది. ప్రశ్నావళిలో ఇలాంటిది దొరకదు. "మీ భాషలో బండి ఱ ఉందా? అవును, కాదు, చెప్పలేను" అని అడిగి ఉంటే అందరూ మూడో గడిలో టిక్కు పెట్టించుకునేవారు.

3. చూసి రాయకు, చదివి రాయకు, దించి రాయి

పూర్వ పరిశోధనల సమీక్షకి థర్‌స్టన్ చాలు. 1909లో ఏడు సంపుటాలు వేశాడు. కాలిపర్లు పట్టుకుని మనుషుల ముక్కులు కొలిచిన కాలం అది. నువ్వు ఇప్పుడు వెళ్ళి చూస్తే అక్కడి పిల్లాడి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంటుంది, వాళ్ళక్క నర్సింగ్ చదువుతూ ఉంటుంది. అవి రాస్తే "గిరిజన సంస్కృతి" అధ్యాయం పాడవుతుంది. థర్‌స్టన్ వాక్యాల్లోని భూతకాలాన్ని వర్తమానంలోకి మార్చి దించేయ్.

యూజీసీ 2018 నిబంధనల వల్ల ఒక ఇబ్బంది ఉంది. పోలిక పది శాతం దాటితే తిప్పి రాయమంటారు, అరవై దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. దీనికి విరుగుడు పర్యాయపదాల సాఫ్ట్‌వేర్. గియోమ్ కబనాక్ అనే ఫ్రెంచి పరిశోధకుడు, అతని తోటివాళ్ళు కలిసి 2021లో ఇలాంటి వ్యాసాల గుట్టు బయటపెట్టారు. ఇంగ్లీషులో "కృత్రిమ మేధ" అని ఉండాల్సిన చోట "నకిలీ స్పృహ", "రొమ్ము క్యాన్సర్" అని ఉండాల్సిన చోట "ఎదకు గండం" లాంటి మాటలు పడి ఉన్నాయట. అలా దొరికిపోతానని నీకు భయం వద్దు. "షెడ్యూల్డ్ తెగలు" కాస్తా "సమయపట్టిక వేసిన గుంపులు" అయినా మన పోలిక తొమ్మిది శాతమే. ఇక ఆధారాల పట్టికంటావా, ఏఐని అడుగు. లేని పత్రిక, రాయని రచయిత, పుట్టని సంవత్సరం, అన్నీ వరసగా పేర్చి ఇస్తుంది.

4. ప్రశ్నావళిని విశాఖలోనే బిగించు

ముందుగా ఒక ఊళ్ళో పదిమందిని అడిగి చూడాలి, అర్థం కాని ప్రశ్నలు మార్చాలి అంటారు. మాతృభాషలోకి మార్చిన ప్రశ్నను ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, మొదటిదానితో సరిపోయిందో లేదో చూడాలంటారు. ఈ రెండూ చేసినవాడు తన ప్రశ్నావళిని తనే చింపుకోవాల్సి వస్తుంది. మనకెందుకు?

"ఈ సంక్షేమ పథకం నా జీవన ప్రమాణాలను మెరుగుపరచిందని నేను బలంగా ఏకీభవిస్తున్నాను" అని ఒకటి నుంచి ఐదు దాకా కొలబద్ద పెట్టు. ఇంగ్లీషులో పుట్టిన ఈ ముక్కను నువ్వు తెలుగులో వాలంటీరుకి చెబుతావు. అతను ఆదివాసీ ఒరియాలో ఇంకొకరికి చెబుతాడు. ఆయన కువిలో ముసలమ్మకి చెబుతాడు. ఆవిడ నీ మొహం కేసి చూసి "ఊఁ" అంటుంది. అది నాలుగా, ఐదా? మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోతుంటే ఐదు వేసేయ్.

వయసు అడిగినప్పుడు నలభై, నలభై అయిదు, యాభై అని అందరూ గుండ్రంగా చెబుతారు. జనాభా లెక్కల వాళ్ళకి ఇదొక పాత తలనొప్పి. సున్నా, అయిదు అంకెల దగ్గర జనం ఎంత గుమిగూడారో కొలవడానికి ఒక సూచికే పెట్టుకున్నారు. "కె.కె. రైలు లైను వేసేటప్పుడు నీకు పెళ్ళయిందా, ఇంకా చిన్నపిల్లవా?" అని స్థానిక సంఘటనలతో కలిపి అడిగితే అసలు వయసు దగ్గరికి చేరవచ్చట. అలా అడిగితే ఆవిడ రైలు పట్టాల కథంతా చెప్పుకొస్తుంది. గుండ్రటి అంకెలే తీసుకో, పట్టీ చిత్రంలో అందంగా నిలబడతాయి.

నెలసరి ఆదాయం మాత్రం తప్పకుండా అడుగు. కాఫీ పండ్లు కోసేది నవంబరు నుంచి ఒక రెండు మూడు నెలలు. డబ్బు ఆ కోతతో వస్తుంది. చింతపండు, అడ్డాకులు ఇంకో కాలంలో. సామలు, చోళ్ళు ఇంట్లోకే సరి. కూలి దొరికిన వారం దొరుకుతుంది, లేని వారం లేదు. ఇలాంటి మనిషిని "నెలకి ఎంత?" అని అడగడంలోనే పరిశోధకుడి ధైర్యం కనిపిస్తుంది. పొలం ఎన్ని ఎకరాలని అడిగితే ఎన్ని కుంచాల విత్తనం పడుతుందో చెబుతారు. కుంచాన్ని ఎకరంతో గుణించు. ఏదో ఒకటి వస్తుంది.

ఒక్కోసారి ఎదుటివాళ్ళే నీ పని తేలిక చేస్తారు. "ఏటి బాబూ, నిరుడు ఒకాయనొచ్చి ఇవే అడిగినాడు. ఆయన రాసుకున్నది సూసి రాసీసుకోండి" అంటారు. అందులో వెటకారం ఉందేమోనని వెతక్కు. పద్ధతుల అధ్యాయంలో "ప్రతివాదుల సహకారం సంపూర్ణముగా లభించినది" అని రాసుకో.

5. జనం లేని వేళ చూసి వెళ్ళు

పొద్దున్నే విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కితే, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ, పదకొండు కాకముందే అరకులో దిగవచ్చు. బొంగులో చికెన్ తిని ఊరికి చేరేసరికి కాలూ చెయ్యీ ఆడే వాళ్ళంతా పోడు మీదో, కాఫీ తోటలోనో ఉంటారు. సంత రోజయితే ఇంకా మేలు. అరుగు మీద మిగిలిన ఇద్దరు ముసలివాళ్ళూ, ఒక మేకపిల్లా నీ నమూనా. సాయంత్రం బండికి తిరిగి వచ్చేయవచ్చు.

రాత్రి మాత్రం ఉండిపోకు. పని ముగించుకుని వచ్చి నెగడి దగ్గర కూర్చున్నప్పుడు వాళ్ళు నిన్నే ప్రశ్నలు అడుగుతారు. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో అసలు వెళ్ళకు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి, నీ కారు ఆపి డబ్బులు అడుగుతారు. పరిశోధకుణ్ణి ఆపి అడిగే హక్కు వాళ్ళకి ఉందని ఒకసారి ఒప్పుకుంటే, తర్వాత దేనికైనా ఒప్పుకోవాలి.

6. వేలిముద్ర వేయించుకో, విషయం చెప్పకు

సమ్మతి పత్రం ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, రెండు పేజీలకు తగ్గకుండా ఉండాలి. "నీకు ఇష్టం లేకపోతే మానేయవచ్చు, మధ్యలోనైనా తప్పుకోవచ్చు" అనే వాక్యం ఎక్కడో ఉంటుంది. దాన్ని చదివి వినిపించకు. నిజంగానే తప్పుకునే ప్రమాదం ఉంది.

వేలిముద్ర కూడా కుదరకపోతే హాస్టల్ వార్డెన్ ఉన్నాడుగా. దీనికి మన దగ్గరే పూర్వోదాహరణ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం నడిచింది. వాళ్ళలో చాలామంది గిరిజన పిల్లలు, ఆశ్రమ హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. తర్వాత 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కాగితాలు తిరగేస్తే, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 వార్డెన్ల సంతకాలు తేలాయి. తల్లిదండ్రులు కొండ మీద ఉన్నారు, వార్డెన్ పక్క గదిలో ఉన్నాడు. శాస్త్రం ఎవరి కోసం ఆగుతుంది?

రక్త నమూనాలు తీస్తే ఇంకొక చిట్కా. ఏ జబ్బు కోసమని చెప్పి తీశావో ఆ జబ్బుకే వాడాలని కూర్చోకు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ దగ్గరుండే హవసుపాయి తెగవాళ్ళ దగ్గర 1990ల్లో మధుమేహం పేరు చెప్పి రక్తం తీశారు. దాని మీదే మానసిక వ్యాధులు, వంశ మూలాలు, మేనరికాల పరిశోధనలూ సాగాయి. పేపర్లు బోలెడు వచ్చాయి. చివరికి ఆ తెగ కోర్టుకెక్కింది. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఏడు లక్షల డాలర్లు ఇచ్చి, రక్తం కూడా తిరిగి ఇచ్చేసింది. అక్కడ వాళ్ళకి కబురు అందింది కాబట్టి అంత దూరం పోయింది. నీ నమూనా కోడ్ నంబర్లు నువ్వే మరిచిపో. సికిల్‌సెల్ పరీక్ష ఫలితం ఆ ఇంటికి తిరిగి చేరిందా అని ఎవరూ అడగరు. "సూది గుచ్చుకెళ్ళినారు, ఏటొచ్చిందో సెప్పలేదు" అని ఆ ఇంటి వాళ్ళు అనుకుంటారు. అనుకున్నది ఏ పత్రికలోనూ అచ్చవదు.

7. అంకెలు ఒప్పుకునేదాకా వదలకు

పీ విలువ 0.05 కన్నా తక్కువ వస్తే చాలని నీకు కోర్సువర్క్‌లో చెప్పారు. అంటే ఏ సంబంధమూ లేకపోయినా ఇరవై సార్లు పరీక్షిస్తే సగటున ఒకసారి "ఉంది" అని తేలుతుందన్నమాట. దీన్ని హెచ్చరికగా చెప్పారని కొందరు అపార్థం చేసుకుంటారు. ఇది వరం. ధింసా ఆడటానికీ అప్పు తీర్చడానికీ, ఇంటి గుమ్మం దిక్కుకీ పిల్లల బరువుకీ, ఇలా ఇరవై జతలు కట్టు. పందొమ్మిది పారేయ్. మిగిలిన ఒక్కటే మొదటినుంచీ నా పరికల్పన అని రెండో అధ్యాయంలో రాయి. పారేసిన పందొమ్మిదింటి ఊసు ఎక్కడా రాయకపోవడమే ఇందులో నైపుణ్యం.

8. చేసినవాడు కనిపించకుండా రాయి

శాస్త్రీయ శైలి అంటే కర్త లేని వాక్యం. నువ్వు ఊరికి వెళ్ళలేదు, "క్షేత్ర పర్యటన నిర్వహించబడినది". నువ్వు అడగలేదు, "సమాచారము సేకరించబడినది". "బడు" కలపడం అలవాటైతే తప్పు కూడా ఎవరూ చేయరు, "దోషములు దొర్లబడినవి".

ఉదాహరణకి ఒకాయన నీతో ఇలా అన్నాడనుకో: "నెప్పులొచ్చినాయి. డోలీ కట్టి నలుగురం మోసినాం. గెడ్డ పొంగింది, దాటలేకపోనాం. అక్కడే కాన్పయిపోయింది." ఎవరు మోశారు, ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు, ఏమైంది, అన్నీ చెప్పేశాడు. మరీ విప్పి చెప్పాడు, ఇది శాస్త్రం కాదు. దీన్ని ఇలా దిద్దు: "రవాణా సదుపాయముల అలభ్యత కారణముగా ప్రసూతి సేవల వినియోగ స్థాయి ప్రతికూలముగా ప్రభావితము చేయబడుచున్నట్లు అవగతమగుచున్నది." ఇప్పుడు గెడ్డ లేదు, డోలీ లేదు, ఆ నలుగురూ లేరు. వంతెన ఎవరు కట్టలేదనే ప్రశ్న కూడా దానితో పోయింది. పేజీ మాత్రం నిండింది.

వాడుక భాషలో రాయాలని జీవితమంతా కొట్లాడినవాడూ ఆ గిడుగే. సవర నేర్చుకోవడంతో ఊరుకోలేదన్నమాట. జనం మాట విని రాయడం మొదలుపెడితే ఇంటి భాష కూడా చేజారిపోతుందని గుర్తుంచుకో.

9. డబ్బిచ్చి అచ్చేయించుకో

డాక్టరేట్‌కి పేపరు తప్పనిసరన్న నిబంధనను 2022లో తీసేశారు. అయినా ఉద్యోగానికి కావాలిగా. జాన్ బోహానన్ అనే విలేకరి తప్పుల తడక లాంటి ఒక దొంగ పరిశోధన వ్యాసం అల్లి 304 పత్రికలకు పంపితే, 157 పత్రికలు పుచ్చుకున్నాయి. 2013లో "సైన్స్" పత్రిక ఆ సంగతి అచ్చువేసింది. పుచ్చుకున్న వాటిలో మన దేశానివి కొల్లలు. ఇంత సౌకర్యం ఇంటి ముంగిట ఉండగా, ప్రతి వాక్యానికీ "ఆధారమేది?" అని ఎదురడిగే సమీక్షకుడి చుట్టూ ఏడాదిపాటు ఎందుకు తిరగడం?

10. మళ్ళీ ఆ ఊరు వెళ్ళకు

హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడ చిక్కుకుపోయి, నిజాం రాజ్యంలో చెంచుల దగ్గర, పాపికొండల కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ గోండుల దగ్గర మకాం వేశాడు. కొండరెడ్ల మీద పుస్తకం 1945లో వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే గొప్పవాడే. వడ్డీ వ్యాపారులు, కలప కాంట్రాక్టర్లు వాళ్ళని ఎలా పీల్చేస్తున్నారో సర్కారుకి నివేదికలు రాశాడు. గోండీ నేర్చి, మార్లవాయిలో గోండు పిల్లలకి చదువు చెప్పే టీచర్లను తయారు చేయించాడు. పోనీ అక్కడితోనైనా ఊరుకున్నాడా? దశాబ్దాల తర్వాత మళ్ళీ అవే ఊళ్ళకి వెళ్ళి, ఎవరి భూమి ఎవరి చేతికి పోయిందో చూసి, 1982లో ఇంకో పుస్తకం రాశాడు. భార్య బెట్టీ సమాధి ఇవాళ్టికీ మార్లవాయిలోనే ఉంది. అధ్యయన ప్రాంతంతో ఇంత బంధుత్వం కలిపితే "నిష్పాక్షికత" ఏమైపోవాలి?

నువ్వు థీసిస్ కాపీలు వేయించు. యూనివర్సిటీకి, గైడుకి, పరీక్షకులకి, శోధ్‌గంగకి, మీ ఇంటి షోకేసుకి. ఊరికి ఒక్కటీ వద్దు. అక్కడ ఇప్పుడు చదువుకున్న పిల్లలున్నారు. వాళ్ళలో ఒకరు తమ అమ్మ గురించి నువ్వేం రాశావో చదివి, "ఇది తప్పు సార్" అని ఫోన్ చేస్తే ఎవరు సమాధానం చెబుతారు? రేపు ఆ పిల్లే పీహెచ్‌డీలో చేరి, నీ థీసిస్‌ను తన సమీక్షలోకి తీసుకుంటే మరీ ప్రమాదం.

11. పరిమితుల పేజీ దగ్గర జాగ్రత్త

మొత్తం థీసిస్‌లో నిజం చొరబడేందుకు సందు ఉన్నది ఒక్క "అధ్యయన పరిమితులు" దగ్గరే. బద్ధకించి ఆ పేజీ నిజంగా రాసేస్తారు కొందరు. ఎన్ని ఇళ్ళకి వెళ్ళలేకపోయారో, ఏ ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదో, ఎవరు జవాబివ్వనని లేచిపోయారో పూసగుచ్చినట్టు రాస్తారు. తర్వాత వచ్చినవాడు అక్కడినుంచి మొదలుపెట్టి ఇంకో అడుగు ముందుకు వేస్తాడు. పోటీని చేజేతులా పెంచుకోవడం ఇది.

నువ్వు "కాలపరిమితి, నిధుల కొరత" అని రెండే ముక్కలు రాయి. అవి ప్రతివాడికీ ఉంటాయి కాబట్టి ఎవరూ ఆగి చూడరు. "పరిశోధకునికి ఆ ఊరి వాళ్ళ భాష రాదు" అని మాత్రం పొరపాటున కూడా రాయకు. ఆ ఒక్క వాక్యం కంటబడిందంటే, వైవాకి వచ్చిన పరీక్షకుడు టీ కప్పు పక్కన పెట్టి, అప్పటిదాకా తిప్పేసిన మూడొందల పేజీలూ మళ్ళీ మొదటినుంచి చదవాల్సి వస్తుంది.